విద్యాదానానికి ఒక పరుగు

గత ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహగిరి ప్రదక్షిణ ముగించుకొని, తిరిగి తొలిపావంచా చేరి, ఒక అరుగుమీద కాళ్లు చాపుకొని కూర్చొన్నాను. నాతోపాటు నడిచిన ఒక పెద్దమనిషి ఒక ప్రశ్న వేశారు. “మనం నడిచిన ఈ ముప్పై రెండు కిలోమీటర్లకు అప్పన్నస్వామి అనుగ్రహం ఉంటుంది. మీరు ఏటేటా సముద్రపుటొడ్డున పరుగెత్తుతారట గదా, ఆ ఇరవై ఒక్క కిలోమీటర్లకు ఏమి లభిస్తుందండీ?” “మొదటి ఏడు అయిదు వయొలిన్లు లభించాయండీ” అని బదులు చెప్పాను. నేను హాస్యమాడుతున్నానని ఆయన అనుకొన్నారు. ఉన్నమాటే చెప్పాను.

ఆ వృత్తాంతాన్ని యాత్రికులకు, దాతలకు తెలిసేటట్లు వివరంగా వ్రాయవలసిందని ఈ పత్రికవారు కోరారు. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను, క్రీడాకారుణ్ణి అంతకన్నా కాను. ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, నా యాభై ఎనిమిదవ ఏట, పరుగెత్తడం నేర్చుకొన్నాను. దానికి కారణం మా అక్కయ్య.

అక్కయ్య విశాఖపట్నం పెదవాల్తేరులోని తన ఇంటి వసారాలో ఇరవై ఏడేళ్లపాటు పిల్లలకు వయొలిన్ నేర్పింది. ఆమె మాత్రం వయొలిన్ అనేది కాదు, ఫిడేలు అనే అనేది. ఇవ్వగలిగినవారి వద్ద రుసుము తీసుకొనేది. జాలారిపేట నుండి, కొండవాలు కాలనీల నుండి వచ్చే పిల్లల వద్ద తీసుకొనేది కాదు. రెండవ రకం వారే ఎప్పుడూ ఎక్కువ. మా బావగారి పింఛనులో కొంత భాగం తీగలకు, కమానులకు వెళ్లిపోయేది. ఆ సంగతి ఆయన ఫిర్యాదుగా ఎన్నడూ చెప్పలేదు గాని, లెక్క మాత్రం ఒక డైరీలో వ్రాసి ఉంచేవారు. తరువాత ఆ డైరీయే మాకు దారి చూపింది.

చిన్నప్పుడు నేనూ ఆమె వద్ద కూర్చొన్నవాణ్ణే. జంట స్వరాలు దాటకుండానే, క్రికెట్టు ఆడుకోవాలని మానేశాను. “నీ వంతు పాఠం ఇంకా మిగిలే ఉందిరా” అని ఆమె నలభై ఏళ్లపాటు నవ్వుతూ దెప్పుతూనే ఉంది.

అక్కయ్య ఒక కార్తికమాసంలో అకస్మాత్తుగా కాలంచేసింది. మూడవనాటి సాయంత్రం, ఇంటినిండా బంధువులు ఉండగా, గేటు వద్ద నలుగురు పిల్లలు నిలబడి ఉన్నారు. వారిలో ఇద్దరి చేతుల్లో వయొలిన్ పెట్టెలున్నాయి. ఆరోజు పాఠం ఉన్న రోజు. వారికి ఎవరూ కబురు చెప్పలేదు. బావగారు బయటకు వెళ్లి విషయం చెప్పారు. పెద్దపిల్లలు ముగ్గురూ తలలు వంచుకొని వెళ్లిపోయారు. ఎనిమిదేళ్ల పాప ఒకతె మాత్రం అక్కడే నిలబడి, “అయితే గురువారం రమ్మంటారా అండీ?” అని అడిగింది. బావగారు నా వైపు చూశారు. నా వద్ద జవాబు లేదు.

పన్నెండవ రోజు తరువాత స్మారకం ప్రస్తావన వచ్చింది. కుటుంబంలో ఎక్కువమంది అభిప్రాయం ఒక విగ్రహం చేయించడం, లేదా ఏదైనా సభామందిరంలో ఆమె పేర చలువరాతి ఫలకం వేయించడం. మా పెదనాన్నగారి అబ్బాయి శాస్త్రప్రమాణం చూపినట్లు బెంగుళూరు నాగరత్నమ్మగారిని ఉదాహరించారు. ఆయన చెప్పినదానిలో అసత్యం లేదు. నాగరత్నమ్మగారు (1878–1952) తిరువయ్యారులో కావేరి ఒడ్డున శిథిలమై ఉన్న త్యాగరాజస్వామి సమాధిస్థలాన్ని తన స్వార్జితంతో బాగుచేయించి, అక్కడ మందిరం కట్టించి, 1925లో ప్రతిష్ఠ చేయించారు. నేడు పుష్య బహుళ పంచమినాడు అక్కడ అంతమంది ఒకేచోట కూర్చొని పంచరత్న కీర్తనలు పాడగలుగుతున్నారంటే ఆ స్థలాన్ని ఆమె నిలబెట్టినందువల్లనే.

అయినా నా మనస్సు అంగీకరించలేదు. త్యాగరాజస్వామి విషయంలో పాట ముందే నిలిచి ఉంది. ఆయన 1847లో సిద్ధిపొందేనాటికే శిష్యుల కంఠాలలో, తాటాకులలో కీర్తనలు భద్రంగా ఉన్నాయి; లేనిది సమాధికి కప్పు. మా అక్కయ్య విషయంలో సంగతి వేరు. ఆమె శిష్యులలో పెద్దవారు వర్ణాల దాకా వచ్చారు, చిన్నవారు ఇంకా సరళి స్వరాలలోనే ఉన్నారు. పాఠం ఆగితే ఒక ఏడాదిలో వారి వ్రేళ్లు మరిచిపోతాయి. ఫలకం మీద పేరు ఉంటుంది, ఆ పేరు తెలిసిన చెయ్యి ఉండదు. ఈ మాటే సభలో చెప్పాను. మా అన్నగారికి కోపం వచ్చింది. ఆయన ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. ఆ తరువాత ఆయన ఏమి చేశారో ముందు చెబుతాను.

పాఠం నడపడానికి కావలసింది డబ్బు. డబ్బు కావాలంటే అడగాలి. అడగడం నాకు చేతకాదు. ముప్పై ఆరేళ్లు జీతం తీసుకొన్నవాడికి ఒకరి గుమ్మంలో నిలబడి చెయ్యి చాపడం ఎంత కష్టమో అనుభవిస్తేగాని తెలియదు. అప్పుడు బావగారు, సంగీతం తెలిసినవారు కనుక, ఉంఛవృత్తిని గుర్తుచేశారు.

ఉంఛం అంటే కోతలైన పొలంలో రాలిన గింజలను ఏరుకోవడమని మూలార్థం. సంగీత సంప్రదాయంలో దానికి మరొక రూపం ఏర్పడింది. భుజాన తంబుర, కాలికి గజ్జె, నోట నామసంకీర్తనతో వీధివీధీ నడిచి, గృహస్థులు పెట్టిన పిడికెడు బియ్యం స్వీకరించి, ఆ పూటకు చాలినంతతో తృప్తిపడడం. రాజసన్మానాన్ని కాదనుకొన్న త్యాగరాజస్వామి ఈ విధంగానే జీవనం గడిపారని ప్రసిద్ధి. ఇప్పటికీ ఆరాధననాడు ఆయన నివసించిన వీధి నుండి సమాధి వరకు ఉంఛవృత్తి భజన సాగుతుంది. మన ప్రాంతానికి వస్తే, విజయనగరంలో 1919లో స్థాపితమై, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా, తరువాత ద్వారం వేంకటస్వామినాయుడుగారు అధ్యక్షులుగా వెలసిన సంగీత కళాశాలను తలచుకోవాలి. అక్కడ చదువుకొనే రోజులలో ఘంటసాల వేంకటేశ్వరరావుగారు జోలె కట్టుకొని మధూకరం ఎత్తి కడుపు నింపుకొన్నారు. ఆ జోలెలో అన్నం వేసిన గృహిణులెవరో మనకు తెలియదు. వారు పెట్టిన ముద్దలే ఆనాటి విద్యార్థి వేతనం.

బావగారు చెప్పినదానిలో నన్ను ఆకట్టుకొన్నది ఒక్కటే. ఉంఛవృత్తి చేసేవాడు ఊరకే అడగడు. తాను నడుస్తాడు, శ్రమ పడతాడు, ఇచ్చేవారికి ఆ శ్రమ కళ్లకు కనబడుతుంది. ఇచ్చేది పిడికెడే కనుక ఇవ్వలేకపోయేవారు అరుదు. నాకు పాట రాదు కనుక పాడుతూ నడవలేను. అయితే నడవగలను గదా, కాస్త సాధన చేస్తే పరుగెత్తగలను గదా అనిపించింది.

సేవాకార్యానికై పరుగెత్తడం నేను కనిపెట్టింది కాదు. కెనడా దేశంలో టెర్రీ ఫాక్స్ అనే యువకుడు క్యాన్సర్ వల్ల కుడికాలు కోల్పోయి, కృత్రిమ పాదంతో 1980లో ఆ దేశాన్ని అడ్డంగా పరుగెత్తసాగాడు. క్యాన్సర్ పరిశోధనకు తన దేశంలోని ప్రతి ఒక్కరూ ఒక్క డాలరు ఇవ్వాలని ఆయన కోరిక. 143 రోజులలో 5,373 కిలోమీటర్లు వెళ్లాక వ్యాధి ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోయాడు. 1981లో, ఇరవై మూడేళ్లయినా నిండకుండా మరణించాడు. ఆయన పేర ఏటేటా పరుగులు జరుగుతూనే ఉన్నాయి. లండను మారథాన్ 1981లో మొదలై ఇటువంటి విరాళాలకు పెద్ద వేదిక అయింది. మన దేశంలో 2004 నుండి జరుగుతున్న ముంబయి మారథాన్‌లో ఎన్నో స్వచ్ఛంద సంస్థల తరఫున పరుగరులు విరాళాలు సేకరిస్తున్నారు. మనిషికి ఒక్క డాలరు అన్న మాటా, ఇంటికి పిడికెడు బియ్యం అన్న ఆచారమూ ఒకే తీరువని నాకు తోచింది.

ఈ పద్ధతి ఎలా సాగుతుందో చెబుతాను. పరుగు నిర్వాహకులకు రుసుము కట్టి పేరు నమోదు చేసుకోవాలి. ఆ రుసుము వేరు, సేకరించే విరాళం వేరు. రుసుము, బూట్లు, దారిఖర్చు నా జేబులోనివే కావాలని మొదటే నియమం పెట్టుకొన్నాను. దాత ఇచ్చిన రూపాయిలో పైసా అయినా నా పాదరక్షలకు వెళ్లిందన్న అనుమానం రాకూడదు. తరువాత పరుగుకు రెండు నెలల ముందు నుండే తెలిసినవారికి ఒక ఉత్తరం పంపాలి. అందులో పరుగు ఎప్పుడు, ఎంత దూరం, వచ్చిన సొమ్ము దేనికి అన్న మూడు విషయాలు చాలు. కొందరు కిలోమీటరుకు ఇంత అని మాట ఇస్తారు, మరికొందరు ఒకే మొత్తంగా ఇస్తారు. కిలోమీటరు లెక్క వినడానికి సొంపుగానే ఉంటుంది. పరుగు ముగిశాక మళ్లీ వెళ్లి గుర్తుచేయవలసి వస్తుంది, అక్కడ సగం జారిపోతుంది. ఒకే మొత్తంగా ముందే స్వీకరించడం మేలని నా అనుభవం. అయితే ఒక పురోహితులు మాత్రం కిలోమీటరుకు నూట పదహార్లు చొప్పున ఇరవై ఒక్క కిలోమీటర్లకు 2,436 రూపాయలను పరుగు మొదలుకాకముందే లెక్కగట్టి ఇచ్చారు. “మధ్యలో ఆగితే మిగతాది మీరు నడిచి తీర్చండి” అన్నారు.

సొమ్ము వ్యక్తిగత ఖాతాలో వేసుకోరాదు. మేము మొదట ఒక చిన్న ట్రస్టును నమోదు చేయించి, దాని పేరనే బ్యాంకు ఖాతా తెరిచాము. ఆదాయపు పన్ను చట్టం కింద గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చిన విరాళానికే పన్ను మినహాయింపు వర్తిస్తుంది. నగదు రూపంలో 2,000 రూపాయలు దాటితే ఆ మినహాయింపు లభించదు కనుక పెద్ద మొత్తాలు చెక్కు ద్వారానో బ్యాంకు ద్వారానో ఇవ్వడం మంచిది. కొత్త పన్ను విధానాన్ని ఎంచుకొన్నవారికి ఈ మినహాయింపు లేదు. ఏ సంస్థకైనా విరాళమిచ్చే దాతలు ఈ వివరాలు అడిగి తెలుసుకోవడం తప్పు కాదు. అడిగినందుకు నొచ్చుకొనే సంస్థ ఉంటే ఆలోచించవలసిందే.

ఇక సాధన సంగతి. ముందుగా వైద్యుణ్ణి కలిసి గుండె, రక్తపోటు పరీక్ష చేయించుకొన్నాను. నలభై దాటిన వారెవరైనా దీనిని తప్పించుకోకూడదు. పదహారు వారాల ప్రణాళిక వేసుకొన్నాను. వారానికి మూడు రోజులు తక్కువ దూరాలు, ఆదివారం ఒక దీర్ఘమైన పరుగు, మిగిలిన రోజులు నడక, విశ్రాంతి. వారం వారం దూరాన్ని సుమారు పదోవంతుకు మించి పెంచకూడదన్నది సాధారణ సూత్రం. మొదటి నెలలో రెండు కిలోమీటర్లకే రొప్పేవాణ్ణి. కారణం వయస్సు కాదు, వేగం. మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత వేగమే దీర్ఘమైన పరుగుకు తగినదని శిక్షకులు చెబుతారు. నాకు తోడు లేరు కనుక మాట్లాడడానికి బదులు సరళి స్వరాలు పైకి అనుకొనేవాణ్ణి. స్వరం మధ్యలో తెగితే వేగం తగ్గించేవాణ్ణి. ఏబదేళ్ల క్రితం ఆపేసిన పాఠం ఆ విధంగా బీచిరోడ్డు మీద తిరిగి మొదలైంది.

అక్కయ్య పిల్లలకు పెట్టిన నియమం ఒకటుంది. మొదటి కాలం శుద్ధంగా రానిదే రెండవ కాలం వాయించకూడదు, రెండవది నిలవనిదే మూడవది తలపెట్టకూడదు. పిల్లలకు మూడవ కాలమంటే మోజు, వ్రేళ్లు పరుగెడితే విద్వాంసులైపోయినట్లు సంబరం. నేనూ ఆ పిల్లల వంటివాణ్ణే. ఆరవ వారంలో తొందరపడి వేగం పెంచి, మోకాలు వాచి, పది రోజులు కుర్చీలో కూర్చొన్నాను. ఆ పది రోజులూ బావగారు నన్ను చూసి ఏమీ అనలేదు. అక్కయ్య ఉంటే అనేది.

శ్వాస విషయంలో ఒక చిన్న రహస్యం తెలిసింది. మూడు అడుగులకు గాలి పీల్చి, రెండు అడుగులకు విడిచితే మొత్తం అయిదు. బేసి సంఖ్య కనుక, ఊపిరి విడవడం ఒకసారి కుడిపాదం మీద, ఒకసారి ఎడమపాదం మీద పడి, భారం ఒకే పక్కన పడకుండా ఉంటుంది. అయిదంటే ఖండచాపు. పడమటి దేశాల పరుగు శిక్షకులు చెప్పే లెక్కను మన తాళంలో “తకిట తక” అనుకొంటూ అడుగులు వేయడం నాకు వినోదంగా ఉండేది. మరొక మాట కూడా తోచింది. పడమటి దేశాలలో నిలబడి గడ్డం కింద వయొలిన్ పట్టుకొంటారు. మన విద్వాంసులు బాసింపట్టు వేసుకొని కూర్చొని, వయొలిన్ చివరను కుడిపాదం మీద ఆనించుకొంటారు. మన సంప్రదాయంలో ఆ వాద్యానికి పాదమే ఆధారం. నా కాళ్లు ఆ పిల్లల వయొలిన్లకు ఆసరా అవుతాయని చెప్పుకోవడానికి నాకు ఆమాత్రం సాకు దొరికింది.

పరుగునాటి తెల్లవారుజామున నాలుగు గంటలకే రామకృష్ణా బీచి చేరాను. చలికాలమైనా విశాఖలో సముద్రపు తేమ విడిచిపెట్టదు, నిలబడిన చోటే చొక్కా తడిసింది. చీకటిలో కురుసుర జలాంతర్గామి నల్లని తిమింగలంలా ఉంది. రుషికొండ వైపు సాగి, తిరిగి అదే దారిన రావాలి. మొదటి అయిదారు కిలోమీటర్లు సునాయాసంగా గడిచాయి. తెన్నేటి పార్కు దగ్గర, కైలాసగిరి అంచున, దారి పైకి లేస్తుంది. వెళ్లేటప్పుడు ఆ చడావు అంతగా బాధించలేదు. తిరుగుదారిలో, అప్పటికే పద్నాలుగు కిలోమీటర్లు కాళ్లలో ఉన్నవేళ, ఎండ ముఖాన కొడుతుండగా, అక్కడ నా అడుగు పడలేదు. పురోహితులుగారి మాట గుర్తుకువచ్చింది. నడిచాను. సిగ్గుపడలేదు, గిరిప్రదక్షిణకు వచ్చేవారెవరూ నడకను చిన్నచూపు చూడరు.

పార్కు దిగువన మలుపు తిరిగేసరికి వయొలిన్ల మోత వినిపించింది. పిల్లలు పదకొండుమంది కాలిబాట పక్కన చాపలు పరచుకొని కూర్చొని మాయామాళవగౌళలో జంట స్వరాలు వాయిస్తున్నారు. సముద్రపు గాలికి తీగలు సడలి ఒకరి శ్రుతికి ఒకరి శ్రుతి కలవలేదు. బావగారు ఒక్కొక్క బిరడా సవరిస్తూ వారి మధ్య తిరుగుతున్నారు. ఈ ఏర్పాటు నాకు చెప్పలేదు. వారి వెనుక, చేతిలో నీళ్లసీసాతో నిలబడి ఉన్నది మా పెదనాన్నగారి అబ్బాయి. “విగ్రహానికి దాచిన డబ్బు నీ ఖాతాలో వేశాను. ఇప్పుడు పరుగెత్తు” అన్నారు. రెండు గంటల యాభై నిమిషాలకు ముగించాను. నా వయస్సు వారిలో ఇది గొప్ప సమయమేమీ కాదు.

ఆ ఏడు సమకూడిన సొమ్ము అన్నగారిదానితో కలిపి 1,92,000 రూపాయలు. దీనిని ఎలా వెచ్చించామో దాతలకు చెప్పవలసిన బాధ్యత ఉంది. అన్నిటికన్నా పెద్ద ఖర్చు గురుదక్షిణ. విజయనగరంలో డిప్లొమా పూర్తిచేసిన ఒక అమ్మాయి వారానికి మూడు రోజులు బస్సులో వచ్చి పాఠం చెబుతుంది. ఆమెకు నెలకు 9,000 చొప్పున ఏడాదికి 1,08,000. ఇది ఎక్కువని ఒకరిద్దరు దాతలు అన్నారు. సంగీతం నేర్పేవారు సేవాభావంతో ఉచితంగా నేర్పాలని మనవారిలో ఒక భావన ఉంది. ఆ భావన వల్లనే మా అక్కయ్య తరువాత ఆ వసారాలో కూర్చొనడానికి మరొకరు దొరకలేదని నా నమ్మకం.

తరువాతిది వాద్యాలు. ఒక్కొక్కటి సుమారు 7,500 చొప్పున అయిదు వయొలిన్లు కొన్నాము. వయొలిన్ పిల్లవాని చెయ్యి పొడవును బట్టి పావు, అర, ముప్పాతిక, పూర్తి పరిమాణాలలో ఉంటుంది. ఏడెనిమిదేళ్ల పిల్లకు పెద్ద వయొలిన్ ఇస్తే చెయ్యి చాలక భుజం బిగబట్టి, ఆ బిగువు జీవితాంతం ఉండిపోతుందని అక్కయ్య అనేది. రెండేళ్లకొకసారి పిల్ల ఎదుగుతుంది, వాద్యం మార్చాలి. రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబం ఇది భరించలేదు. కనుక వాద్యాలు సంస్థవే, పిల్లలవి కావు. చిన్నది చాలకపోతే తిరిగి ఇచ్చి పెద్దది తీసుకోవాలి, ఆ చిన్నది మరొక చిన్న చేతికి వెళుతుంది. ప్రతి పెట్టె లోపల ఒక చీటీ అంటించి, దానిని వాయించినవారి పేర్లు వరుసగా వ్రాయిస్తున్నాము. అక్కయ్య పేరున్న ఫలకం మాకు వేరే లేదు. ఆ చీటీల తలమీదే ఆమె పేరు ఉంది. వీటితోపాటు తీగలు, కమాను వెంట్రుకలు, రోజిన్ ఖర్చు ఏటా 6,000, దూరపు పిల్లల బస్సు చార్జీలు, పరీక్ష రుసుములు నెలకు 1,500. ప్రభుత్వ సంగీత కళాశాలల సర్టిఫికెట్టు కోర్సు నాలుగేళ్లది, ఆపై డిప్లొమా రెండేళ్లది. ఒక పిల్లను వయొలిన్ ముందు కూర్చోబెట్టినవారు ఆరేళ్లు ఆ బాధ్యత మోయడానికి సిద్ధంగా ఉండాలి. ఈ లెక్క మొదటి ఏడు మాకు తట్టలేదు.

రెండవ ఏట అది తెలిసివచ్చింది. బావగారి ఆరోగ్యం బాగులేక పాఠాన్ని వసారా నుండి ఒక పాఠశాల గదిలోకి మార్చాము. ఆ పాఠశాలవారు మూడు నెలలకే గది ఖాళీ చేయమన్నారు, కారణం చెప్పలేదు. మూడు వారాలు పాఠం లేదు, నలుగురు పిల్లలు మానేశారు. అదే సమయంలో నా రెండవ పరుగుకు 81,000 మాత్రమే వచ్చింది. మొదటి ఏడు ఇచ్చినవారిలో చాలామంది అక్కయ్య మీది దుఃఖంతో ఇచ్చారు. దుఃఖం ఒక ఏడాదిలో సద్దుమణుగుతుంది, అది సహజం. ఆ ధనుర్మాసంలో ఖాతాలో రెండు నెలల గురుదక్షిణకు సరిపడా సొమ్మే మిగిలింది. పంతులమ్మగారికి ఆ సంగతి దాచకుండా చెప్పాను. ఆమె ఏమీ అనకుండా మరునాడూ బస్సు ఎక్కి వచ్చింది. అదే నాకు ఎక్కువ భారమనిపించింది.

అప్పుడు మళ్లీ బావగారి డైరీ తెరిచాము. ఆయన ఇరవై ఏళ్లు మోసింది నెలనెలా చిన్న మొత్తాలే. పరుగు పండుగ వంటిది, ఏటికొకసారి వస్తుంది. వంట మాత్రం రోజూ చేయాలి గదా. కనుక పాత దాతలందరికీ మరొక ఉత్తరం వ్రాసి, నెలకు నూట పదహార్లు మాత్రమే అడిగాము. అంతకు మించి వద్దన్నాము. అరవై ఒక్కరు ఒప్పుకొన్నారు. నెలకు 7,076 రూపాయలు, ఏడాదికి 84,912. ఏటా తప్పక అయ్యే ఖర్చు 1,32,000. తక్కువపడినది పరుగు పూరిస్తుంది, మిగిలినదానితో కొత్త పిల్లలకు వాద్యాలు. పిడికెడు బియ్యం లెక్క అప్పటికి నాకు పూర్తిగా అర్థమైంది.

పాఠం ఇప్పుడు కాలనీ రామాలయం మండపంలో జరుగుతోంది. సాయంత్రం దీపారాధనకు ముందు గంటసేపు ఆలయంవారు చోటిచ్చారు. జమాఖర్చుల కాగితం నెలనెలా అక్కడి స్తంభానికి అంటిస్తున్నాము. దర్శనానికి వచ్చినవారు దానిని చదివి, పక్కనే శ్రుతిపెట్టె మ్రోగుతుండగా కాసేపు కూర్చొని వెళతారు. ఒకసారి పూలు అమ్మే ఆమె కాగితంలో కూడిక తప్పును పట్టుకొంది. పద్దెనిమిది రూపాయల తేడా. సరిదిద్దాము.

గేటు వద్ద “గురువారం రమ్మంటారా” అని అడిగిన పాపకు ఇప్పుడు పన్నెండేళ్లు. అర పరిమాణం వయొలిన్‌తో మొదలుపెట్టి, ముప్పాతికది దాటి, మొన్న దసరాకు పూర్తి పరిమాణంది అందుకొంది. శనివారాలలో పంతులమ్మగారు రాలేని రోజున చిన్నపిల్లలకు సరళి స్వరాలు తానే చెబుతుంది. మొదటి కాలం నిలవనిదే రెండవ కాలం వాయించనివ్వదు. గతవారం నేను వెళ్లేసరికి, నన్ను కూడా చాపమీద కూర్చోమంది. అర్ధశతాబ్దం నాటి జంట స్వరాలు ఎంతవరకు గుర్తున్నాయో చూస్తానంది. మూడవ వరుసలో తప్పాను. “తాతగారూ, మళ్లీ మొదటి నుంచి” అంది.